ఎవరిస్తో గారిది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా

న్యూజిలాండ్ వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి మా కాలనీలో అందరూ ఒకటే అడుగుతున్నారు, గొర్రెలు చూశారా అని. చూశాను. మన జనగామ గొర్రెల కంటే లావుగా ఉన్నాయి, అంతే తేడా. నేను సింగపూర్ మీదుగా అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చుని వెళ్లింది గొర్రెల కోసం కాదు. ఒక ముసలాయన వయసులో ఉన్నప్పుడు కర్రను ఏ చేత్తో పట్టుకునేవాడో తెలుసుకుందామని వెళ్లాను. ఈ మాట చెబితే మా చెల్లెలు "రిటైరైనంక నీకు తిక్క ఎక్కువైంది" అంది. తిక్క ముందు నుంచీ ఉన్నదే, ఇప్పుడు దానికి తీరిక దొరికింది.

నేను ముప్ఫై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేశాను. పరుగు, లాంగ్‌జంప్, కబడ్డీ నాకు వచ్చిన ఆటలు కాబట్టి నేర్పాను. పోల్‌వాల్ట్ మాత్రం రాకుండానే నేర్పాను. మా రోజుల్లో ఆడపిల్లలకు ఆ ఆట లేదు. ట్రైనింగ్ కాలేజీలో ఒక్కసారి దూకుతానంటే మా లెక్చరర్ "నడుం విరిగితే మీ నాయనకు ఎవరు జవాబు చెప్పాలమ్మా" అని కర్ర లాక్కున్నాడు. ఆ కోపం కడుపులో ఉండిపోయింది. స్కూలు లైబ్రరీలో పాత ఇంగ్లీషు ఆటల పత్రికలోంచి ఒక పేజీ దొరికాక, దాన్ని చూసి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను.

ఆ పేజీలో దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఆటగాడి ఫోటోలు వరుసగా ఆరు ఉండేవి. కింద పేరు, ఎవరిస్తో. పరుగెత్తడం, కర్రను గుంటలో దింపడం, లేవడం, తలకిందులు కావడం, అడ్డకర్ర దాటడం, పడటం. అందులో ఆయన ఎడమ చెయ్యి పైన పెట్టి, కుడి కాలు మీద లేచేవాడు. నేనూ పిల్లలందరికీ అలాగే నేర్పాను. ఆటగాళ్లంతా అలాగే పట్టుకుంటారని అనుకున్నాను. అడగడానికి మా మండలంలో ఇంకొకరు ఉంటే కదా.

కల్లు గీసే నర్సయ్య కొడుకు సమ్మయ్యకు ఎత్తంటే భయం లేదు. మేదరి వీధిలో కొన్న వెదురుతో వరిగడ్డి కుప్ప మీదికి దూకేవాడు. జిల్లాలో మొదటివాడిగా వస్తే రాష్ట్ర పోటీలకు తీసుకెళ్లాను. అక్కడ నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఖాయం. వేరే జిల్లా కోచ్ ఒకాయన వాడు కర్ర పట్టుకున్న తీరు చూసి పగలబడి నవ్వాడు. "మేడం, మీ బొమ్మ ప్రెస్సుల తిరగబడి అచ్చయినట్టుంది. కుడిచేతి పోరనికి పుర్రచెయ్యి నేర్పిండ్రు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పేజీని అందరి ముందూ ఎత్తి చూపించి, మీరు గొప్పా ఈ చాంపియన్ గొప్పా అని అడిగాను. నిజంగా తిరగబడిందేమో చూద్దామంటే ఛాతీ మీది నంబరు ఎనిమిది. ఎనిమిదిని ఎటు తిప్పినా ఎనిమిదే. సమ్మయ్య నేను నేర్పినట్టే దూకాడు. రోజూ ఇంటి దగ్గర దాటే ఎత్తులోనే మూడుసార్లూ అడ్డకర్రను తన్నేశాడు. సీటు పోయింది, వాడు మళ్లీ కర్ర ముట్టుకోలేదు.

ఇదంతా జరిగి పాతికేళ్లు. సమ్మయ్య డిప్లొమా చేసి, స్టూడెంట్ వీసా మీద న్యూజిలాండ్ వెళ్లి, ఇప్పుడు హామిల్టన్ దగ్గర పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. ఏటా గురుపూజోత్సవానికి ఫోన్ చేస్తాడు. ఆ పోటీ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కిందటేడు ఫోన్ చేసి "మేడం, ఎవరిస్తో దొరికిండు" అన్నాడు. వెల్లింగ్టన్‌లో ఉన్నాడట, తొంభై మూడేళ్లట, కూతురి దగ్గర ఉంటున్నాడట. సమ్మయ్య కూతురు వెళ్లే అథ్లెటిక్ క్లబ్బులో ఎవరో మాటల్లో చెప్పారట.

ఆయనది నిజంగా ఎడమచేతి వాటమైతే నా తప్పేమీ లేదు, ఆ రోజు గాలి బాగా లేదంతే. బొమ్మ తిరగబడి ఉంటే మాత్రం సమ్మయ్యను పాడుచేసింది నేనే. రెంటిలో ఏదో తెలియకుండా పోవడం నాకు ఇష్టం లేదు. పాస్‌పోర్టు రెన్యూ చేయించుకున్నాను.

ఆక్లండ్: బూట్లు కడిగి ఇచ్చారు

ఆ దేశంలో దిగగానే మట్టి గురించి అడుగుతారు. విత్తనాలున్నాయా, ఆకులున్నాయా, బూట్లకు మట్టి ఉందా అని కాగితం మీద రాసివ్వాలి. దాచితే పెద్ద జరిమానా. నేను అన్నిటికీ ఉంది అని టిక్కు పెట్టాను. కరివేపాకు వాళ్లు తీసేసుకున్నారు. మామిడికాయ పచ్చడి సీసాను ఎత్తి వెలుతురులో చూసి వదిలేశారు.

నా ఆట బూట్లకు మా స్కూల్ గ్రౌండ్ ఎర్రమట్టి పట్టి ఉంది. యూనిఫాంలో ఉన్న ఒకావిడ వాటిని తీసుకుని లోపలికి వెళ్లింది. ఇక పారేసిందే అనుకున్నాను. పది నిమిషాల తరువాత అడుగు భాగం కూడా బ్రష్షుతో తోమి, తుడిచి, రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. "ఆలస్యమైనందుకు సారీ" అని కూడా అంది. మన దగ్గర ఆఫీసులో కుర్చీలో ఉన్న మనిషి ఇంకొకరి బూట్లు ముట్టుకోవడం నేను చూడలేదు. ఆ దేశం మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

బయట సమ్మయ్య నిలబడి ఉన్నాడు. బొజ్జ వచ్చింది, నెత్తి పలచబడింది. అందరి ముందూ వంగి కాళ్లకు దండం పెట్టాడు. లేచి నిలబడుతూ కుడి మోకాలు పట్టుకున్నాడు.

టకానిని: డెయిరీలో పాలే కాదు

మొదటి రోజు బడలిక తీరాలని ఆక్లండ్ దక్షిణపు కొసన ఉన్న టకానినిలో సమ్మయ్య దోస్తు రహ్మాన్ భాయ్ ఇంట్లో దిగాం. హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి. "భాయ్‌కి డెయిరీ ఉంది మేడం" అని సమ్మయ్య దారిలో చెబితే బర్రెల కోసం చూశాను. తీరా చూస్తే కిరాణా కొట్టు. అక్కడ సందు చివరి కొట్టును డెయిరీ అంటారట. పాలు, రొట్టె, లాటరీ టికెట్లు, ఐస్‌క్రీం అన్నీ ఉన్నాయి.

"బర్రెలు యాడున్నయి భాయ్?" అన్నాను.

"నేనే మేడం. పొద్దుగాల ఆరింటి సంది రాత్రి ఎనిమిదింటి దాకా నిలవడి ఉంటా" అన్నాడు రహ్మాన్ భాయ్.

కొత్త ఇళ్లన్నీ ఒకే బూడిదరంగులో, ఒకే ఎత్తులో వరుసగా ఉన్నాయి. సాయంత్రం నడకకు వెళ్లి తిరిగొచ్చేటప్పుడు తెలుగు తోరణం కనిపించిందని ఒక గుమ్మంలోకి నడిచాను. లోపల విజయనగరం వాళ్లు. తప్పు ఇల్లు అని చెప్పినా వదలకుండా కాఫీ ఇచ్చి, "మా ఫ్లాట్‌మేట్లు ముగ్గురూ ఇలాగే వేరే ఇంట్లోకి వెళ్లినోళ్లేనండీ" అని నవ్వారు. అక్కడ చిన్న కరివేపాకు ప్యాకెట్టు నాలుగు డాలర్లు, అంటే మన రెండు వందలు. ఎయిర్‌పోర్టులో పోయిన నా కట్ట విలువ అప్పుడు తెలిసింది.

రోటోటూనా: వెనక నుంచి చిన్న తోపు

హామిల్టన్ ఉత్తరాన రోటోటూనాలో సమ్మయ్య ఇల్లు. భార్య స్రవంతి వృద్ధుల ఆశ్రమంలో నర్సు. కూతురు ఆద్యకు పదకొండేళ్లు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, కానీ ఒక్క మాటా పొల్లుపోదు. వీధిలో ప్రతి మూడో ఇంటి ముందు బకెట్ల నిండా ఫిజోవా పళ్లు, ఊరికే తీసుకోండి అని అట్టముక్క. జామపండుకూ అనాసపండుకూ మధ్య రుచి. ఎవరూ చూడకపోయినా మొదటిరోజు దొంగతనం చేస్తున్నట్టే అనిపించి రెండే తీసుకున్నాను. మూడోరోజు సంచీ పట్టుకెళ్లాను.

శనివారం ఆద్య క్లబ్బులో సీజన్ ముగింపు. నోటీసులో 'ప్లేటు తీసుకురండి' అని ఉంది. స్రవంతి పులిహోర కలుపుతుంటే, ప్లేటు తెమ్మంటే పులిహోర ఎందుకని అడిగాను.

"అయ్యో మేడం, ప్లేటు అంటే వంట చేసి పట్కరమ్మని. ఈయన ఫస్ట్ ఇయర్ల ఖాళీ స్టీలు ప్లేటు పట్కపోయిండు. గ్లాసు గూడ" అంది స్రవంతి.

"ఇంకా నయం, చెంచా మరిచిన" అన్నాడు సమ్మయ్య.

మైదానంలో పిల్లలంతా వట్టి కాళ్లతో ఉన్నారు. పేదరికం కాదు, అలవాటు. సూపర్‌మార్కెట్లో పెద్దవాళ్లూ అలాగే తిరుగుతారు. క్లబ్బు కోచ్ జెఫ్ వారమంతా ప్లంబర్ పని చేసి, శనివారాలు జీతం లేకుండా పిల్లలకు నేర్పుతాడు. కొత్తగా చేరిన పిల్లలను వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి వెనక్కి వెళ్లి భుజాల మీద చిన్నగా తోశాడు. పడకుండా ముందుకు ఏ కాలు పడిందో చూసి, ఆ పాదం మీద సుద్దముక్కతో గీత పెట్టాడు. ఎందుకని అడిగితే, ఎవరిది ఏ వాటమో తెలియాలి కదా అన్నాడు.

"వాళ్లను అడగొచ్చు కదా?"

"పిల్లలు మనకు ఏం కావాలో అదే చెబుతారు. కాలు అలా చెప్పదు" అన్నాడు.

ముప్ఫై రెండేళ్లలో నేను ఒక్క పిల్లవాణ్ణి కూడా అలా తోసి చూడలేదు. ఒక్క నిమిషం పట్టే పని. సమ్మయ్య వైపు తిరిగితే వాడు పులిహోర గిన్నె మూత సరిచేస్తూ కనిపించాడు. నాకు ఆ మధ్యాహ్నం తిండి సహించలేదు. జెఫ్ మాత్రం పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నాడు, ఎండుమిర్చి నమిలి దగ్గాడు, మళ్లీ వడ్డించుకున్నాడు.

టౌపో దారి: మాట్లాడే మరుగుదొడ్డి

సోమవారం పొద్దున్నే ఇద్దరం కారులో వెల్లింగ్టన్ బయలుదేరాం. దారిలో ఒకచోట చెక్కపెట్టెలో గుమ్మడికాయలు, పక్కన డబ్బులు వేసే డబ్బా. మనిషి లేడు. మన దగ్గరైతే ముందు డబ్బా పోయేది, తరువాత పెట్టె, చివరికి గుమ్మడికాయలు. నేను కాయ వద్దనుకుని కూడా ఆ డబ్బాలో ఒక డాలరు వేశాను, ఆ నమ్మకానికి.

టౌపో సరస్సు దగ్గర ఒక మరుగుదొడ్డిలోకి వెళ్లాను. తలుపు తనంతట తానే మూసుకుంది. ఒక మగగొంతు, మీకు పది నిమిషాల సమయం ఉంది అని చెప్పింది. తరువాత పియానో సంగీతం మొదలైంది. గడువు దాటితే తలుపు బార్లా తెరుచుకుంటుందేమోనన్న భయంతో నేను వెళ్లిన పని మానేసి గోడ మీది బొత్తాలన్నీ నొక్కాను. అన్నిట్లోంచీ నీళ్లే వచ్చాయి. తడిసిన చీరతో బయటపడితే సమ్మయ్య కొంచెం దూరంలో ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఠక్కున పెట్టేశాడు. ఆఫీసు ఫోన్ అన్నాడు.

మధ్యాహ్నం ఒక చిన్న ఊళ్లో ఏడు డాలర్లకు కీమా కూరిన 'పై' ఒకటి తిన్నాం. పైకి కర్రీపఫ్‌లా ఉంటుంది, లోపల ఉప్పు తప్ప ఏమీ ఉండదు. నా సంచీలోని కారప్పొడి చల్లుకుంటే కౌంటర్ దగ్గరి పెద్దాయన వచ్చి రుచి చూసి, భార్యను కూడా పిలిచాడు. డబ్బా సగం అక్కడే అయిపోయింది.

కొండల మీద మంచు కనిపించే చోట సమ్మయ్య ఉన్నట్టుండి అడిగాడు.

"మేడం, ఆయన ఎడమచేతి మనిషే అయితే మీకు మంచిగనిపిస్తదా?"

"అనిపిస్తది."

"కాకుంటే?"

నేను టిఫిన్ డబ్బా మూత తీసి వాడికో ముక్క అందించాను.  ఆ తరువాత వెల్లింగ్టన్ దాకా స్రవంతి ఇచ్చిన సర్వపిండి తింటూ ఇళ్ల ధరల గురించి మాట్లాడుకున్నాం.

వెల్లింగ్టన్: గాలి ఊరు

వెల్లింగ్టన్ రాజధాని. కొండలూ సముద్రమూ గవర్నమెంటు ఆఫీసులూ ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్న ఊరు. అక్కడి గాలిని తట్టుకోవాలంటే నడుం వంచాలి. కారు దిగిన ఐదు నిమిషాలకే నా కొప్పు ఊడింది, కొంగు ఒక పెద్దమనిషి ముఖానికి చుట్టుకుంది. ఆయనే నాకు సారీ చెప్పాడు. మరునాడు పొద్దున బస్సెక్కితే, దిగే ప్రతివాడూ డ్రైవరుకు థాంక్యూ అని కేకేసి దిగుతున్నాడు, స్కూలు పిల్లలు కూడా. మన దగ్గర డ్రైవరుకు దిగేటప్పుడు అందేవి వేరే మాటలు. నేనూ గట్టిగా థాంక్యూ చెప్పి దిగాను. అది మా స్టాపు కాదని తరువాత తెలిసింది.

ఎవరిస్తో గారి ఇల్లు కొండ వాలు మీద ఉంది. రోడ్డు నుంచి డెబ్బై రెండు మెట్లు, లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. కూతురు ఇనేస్ తలుపు తీసింది. అరవై దాటిన మనిషి, సిటీ బస్సు నడిపి రిటైరైంది. నన్ను చూస్తూనే కౌగిలించుకుని చెంపకు చెంప ఆనించింది. నేను దండం పెట్టడానికి ఎత్తిన చేతులు మధ్యలో నలిగాయి.

ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. నేను వస్తున్నానని టై కట్టుకున్నాడు. లేవొద్దంటున్నా లేచాడు. వయసు ముఖం మీద తెలుస్తోంది కానీ భుజాల్లో ఇంకా తెలియడం లేదు. నేను తెచ్చిన కానుక ఇచ్చాను, ప్లాస్టిక్ అట్ట వేయించిన ఆ పేజీ. ఆయన కళ్లద్దాలు మార్చుకుని చాలాసేపు చూశాడు. ఆరు ఫోటోలనూ ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు. ఇంట్లో ఎక్కడా ఆయన ఆడిన రోజుల ఫోటో లేదని అప్పుడు గమనించాను.

"మా దేశంలో సైన్యం గద్దెనెక్కాక ఒక్క సూట్‌కేసుతో వచ్చాం" అంది ఇనేస్. "పిల్లల బట్టలు పెట్టారు, ఫోటోలు పెట్టలేదు. నేను మా నాన్న దూకుతుండగా చూడటం ఇదే మొదటిసారి."

జనగామ దగ్గరి ఒక బడి గోడ మీద ఆయన ఏళ్ల తరబడి వేలాడాడని చెప్పాను. ఆయన ఆ ఊరి పేరు రెండుసార్లు పలికించుకుని, మూడోసారి తనే సరిగ్గా అన్నాడు.

ఎవరిస్తో గారి కథ

ఆయన పుట్టింది వల్పరైసో అనే రేవు పట్నంలో. కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తా. ఆసియా నుంచి వచ్చే ఓడల్లో సరుకు కదలకుండా అడ్డం పెట్టిన వెదురు కర్రలను రేవులో పారేసేవారట. మొదట దూకింది వాటితోనే. "మీ వైపు నుంచి వచ్చిన వెదురేనేమో" అన్నాడు. పడటానికి ఇసుక, రంపపు పొట్టు. చీలమండ రెండుసార్లు విరిగింది. పొద్దున ఆఫీసుకు ముందు గంట, సాయంత్రం తరువాత గంట. నేర్పేవాళ్లు లేరు. గోడ మీద పడే తన నీడను చూసి తప్పులు దిద్దుకునేవాడట. అది విని నాకు ఆనందమేసింది, నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నందుకు.

నాలుగు మీటర్లు దాటి దేశానికి చాంపియన్ అయ్యాడు. పక్కదేశంలో పోటీకి కర్రను లారీ మీద కట్టుకుని కొండలు దాటి వెళితే, సరిహద్దులో ఉద్యోగి అది కలప కాబట్టి సుంకం కట్టమన్నాడు. ఆటవస్తువని ఎంత చెప్పినా వినలేదు. "నేనూ కస్టమ్స్ వాణ్ణే కదా, రుజువు చూపించాలని తెలుసు" అన్నాడు ఎవరిస్తో గారు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, పరుగెత్తి, సరిహద్దు గేటు మీదుగా దూకి అవతలి దేశంలో పడ్డాడు. ఆ ఉద్యోగి చప్పట్లు కొట్టి, ఇప్పుడు వెనక్కి వచ్చి పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని సక్రమంగా రమ్మన్నాడట. ఇది చెప్పేటప్పుడు ఆయన కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వాడు. ఇనేస్‌కు ఆ కథ కంఠతా వచ్చు, అయినా చివరిదాకా విని నవ్వింది.

తరువాత వంగే ఫైబర్ కర్రలు వచ్చాయి. ముప్ఫై ఏళ్ల వయసులో వాటితో ప్రయత్నించాడు. "ఆ కర్ర నన్ను విసిరేసింది. అది కుర్రాళ్ల మాట వింటుంది, నా మాట వినలేదు" అన్నాడు. పోటీలు మానేసి బడిపిల్లలకు నేర్పాడు. దేశం విడిచి వచ్చాక వెల్లింగ్టన్‌లో ఆఫీసుల నేల తుడిచే పని ఇరవై ఏళ్లు చేశాడు. చాంపియన్‌కు నేల తుడవడం కష్టమనిపించలేదా అని అడిగాను. "అదీ పొడవాటి కర్రే కదమ్మా" అన్నాడు. ఎనభై ఏళ్లు వచ్చేదాకా శనివారాలు ఇక్కడి పిల్లలకు దూకడం నేర్పాడట. ఆ మనిషి గొంతులో ఎక్కడా ఫిర్యాదు లేదు. నేనైతే ఒక ఇంక్రిమెంటు ఆలస్యమైనందుకు పదేళ్లు తిట్టుకున్నాను.

ఇక అడగాల్సింది అడిగాను.  "అయ్యా, మీది ఏ చేతి వాటం?"

ఆయన ఇనేస్ వైపు చూశాడు. ఇనేస్ టీ కప్పు వైపు చూసింది.

"సుర్దో" అన్నాడు, ఎడమ భుజం తట్టుకుంటూ. వాళ్ల భాషలో ఎడమచేతి వాటం అని ఇనేస్ మెల్లగా చెప్పింది.

నాకు ఏమనిపించిందో చెబితే సిగ్గుగా ఉంటుంది. ఆ కోచ్ నవ్వు గుర్తొచ్చి, గెలిచాననిపించింది. సమ్మయ్య చెయ్యి పట్టుకుని "చెప్పిన్నా లేదా? నేను అప్పుడే చెప్పిన్నా లేదా?" అన్నాను. "చెప్పిండ్రు మేడం" అన్నాడు వాడు, నవ్వుతూ. ఇంకో రెండు బిస్కెట్లు తిన్నాను.

పెరట్లో మూడడుగులు

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నేను ఒక్కసారి ఆ పట్టు చూపించమని అడిగినప్పుడు వచ్చింది. సమ్మయ్య వద్దు మేడం, ఆయనకు కష్టం అన్నాడు. ఎవరిస్తో గారు అప్పటికే లేచి వెనక తలుపు వైపు నడుస్తున్నాడు.

పెరట్లో కొంచెం గడ్డి, దుప్పట్లు ఆరేసిన తీగ. ఆ తీగను ఎత్తిపెట్టిన పొడవాటి పోటుకర్రను ఇనేస్ తీసి ఇచ్చింది. దుప్పట్లు గడ్డి మీదికి వాలాయి. ఆయన ఎడమ చెయ్యి పైకి పెట్టి, జాగ్రత్తగా, అప్పచెప్పిన పాఠంలా కర్ర పట్టుకున్నాడు. నేను ఫోన్‌లో ఫోటో తీశాను. అక్కడితో ఆగితే అయిపోయేది.

ఆయన ఆగలేదు. చేతిలో కర్ర ఉంది, ముఖానికి గాలి కొడుతోంది. కళ్లు మూసుకున్నాడు. వాళ్ల భాషలో ఏదో అనుకుని కదిలాడు. మొదటి అడుగులో చేతులు జారి మారాయి. రెండో అడుగులో కర్ర కుడి పక్కకు వచ్చింది. మూడో అడుగులో ఎడమ కాలు గడ్డిని తన్నింది, కుడి చెయ్యి ఆకాశంలోకి లేచింది. తొంభై మూడేళ్ల మనిషి మునివేళ్ల మీద ఒక్క క్షణం నిలబడ్డాడు. అంత చక్కని నిలకడ నేను నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

కళ్లు తెరిచి తన చేతులు చూసుకున్నాడు. తరువాత సమ్మయ్యను చూశాడు. సమ్మయ్యను అక్కడ అందరూ శామ్ అంటారు.

"సారీ, శామ్" అన్నాడు.

ఇనేస్ నా దగ్గరికి వచ్చింది. "తప్పుగా అనుకోకండి. శామ్ వారం కింద ఫోన్ చేసి, నాన్నతో ఎడమచేతి వాటమని చెప్పించమని బతిమాలాడు. నిన్న దారిలోంచి మళ్లీ చేశాడు. నాన్నకు అబద్ధం రాదు. వారం నుంచి అభ్యాసం చేస్తున్నాడు" అంది.

"ఏందిరా సమ్మయ్యా ఇది?" అన్నాను.

వాడు పదో తరగతిలో లాగే తల దించుకున్నాడు. "మీరు గింత దూరం అచ్చింది తప్పు అనిపిచ్చుకోనీకి కాదు గద మేడం."

"బొమ్మ తిరగబడిందని నీకెప్పుడు తెల్సింది?"

"అప్పుడే ఎరుక."

"అప్పుడే అంటే?"

"పోటీలకు పోక ముందే. బొంగు ఇంటికి తీస్కపోయి ఒకనాడు కుడి చెయ్యి పెట్టి దుంకి సూసిన. జానెడు ఎక్కువ పోయిన. ఇదే నా చెయ్యి అని సమజైంది."

"మరి ఆడ ఎందుకు దుంకలేదురా అట్ల?"

 గాలికి దుప్పట్లు గడ్డి మీద కొట్టుకుంటున్నాయి.

"దుంకుదామనే పోయిన మేడం. గప్పుడే గా సారు నవ్విండు. మీరు కాయితం పట్కొని అందరి ముంగట నిలవడ్డరు. నేను చెయ్యి మారిస్తే మీరేం గావాలె?"

నేను ఆ గడ్డి మీదే కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఇన్నేళ్లూ వాడికి తెలియక ఓడాడా, నా వల్ల ఓడాడా అని మాత్రమే ఆలోచించాను. తెలిసి ఓడి ఉంటాడని ఒక్కరోజూ అనుకోలేదు. పదహారేళ్ల పిల్లవాడు తన సీటు వదులుకుని నా పరువు నిలబెట్టాడు. నిలబడిన ఆ పరువుతో నేను ఇంకో పదేళ్లు అదే తప్పు ఇంకెందరికో నేర్పాను.

మా వైపు టీచర్లు శిష్యులకు చెప్పని మాట ఒకటుంది. నాకూ నోరు తిరగలేదు, రెండుసార్లు ప్రయత్నిస్తే వచ్చింది. "తప్పు నాదిరా. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.

"అట్లనకుండ్రి మేడం."

"అంటా. ఇగ నా ఇజ్జత్ కాపలా నీకు వద్దు. ఆ డ్యూటీ ఇయ్యాలటితోని ఖతం."

ఎవరిస్తో గారికి మా మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ ఆయన వచ్చి కర్రను సమ్మయ్య చేతిలో పెట్టాడు. సమ్మయ్య ఎడమ చెయ్యి పైన పెట్టి పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి చెయ్యి మార్చబోయాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో తోచక ఆగిపోయాడు. పాతికేళ్ల కింద ఒక్కరోజు పట్టిన పట్టు వాడికి గుర్తు లేదు, నేను నేర్పిందే గుర్తుంది. నేను లేచి వెళ్లి, వాడి ఎడమ చెయ్యి కిందికి దించి, కుడి చెయ్యి పైన పెట్టాను.  ఎత్తు సరిపోలేదని ఎవరిస్తో గారు ఆ చేతిని ఇంకో జానెడు పైకి జరిపాడు.

"దుంకురా" అన్నాను.

నలభై ఒక్కేళ్ల మనిషి, బొజ్జతో, మేజోళ్లతో, పట్టుమని ఎనిమిదడుగులు కూడా లేని పరుగు తీసి లేచాడు. వాలిన తీగ మీదుగా వెళ్లి అవతల ఇనేస్ దుప్పట్ల మీద వెల్లకిలా పడ్డాడు.  ఇనేస్ "దేవుడా" అంది. వాడు అలాగే పడుకుని, ఆకాశం చూస్తూ, మా గ్రౌండ్‌లో దూకిన ప్రతిసారీ అడిగినట్టే అడిగాడు.

"ఎట్లుంది మేడం?"

"నాకు తెల్వదురా సమ్మయ్యా" అన్నాను. "ఎవరిస్తో సారును అడుగు."